కేక పట్టే చిన్న డబ్బాలు

భానుప్రియ వేలు చూపించి "ఆ తెల్ల స్పీకర్లు పెట్టండి సార్" అనడమూ, కాశీబుగ్గ మెయిన్ రోడ్డు మొత్తానికీ కరెంటు పోవడమూ ఒక్కసారే జరిగాయి. ఫ్యాన్లు ఇంకో రెండు చుట్లు తిరిగి నిలబడ్డాయి. గోడ నిండా వెలుగుతున్న కంప్యూటర్ తెరలన్నీ నల్లబడ్డాయి. షాపు యజమాని జగదీశ్వరరావు చొక్కా పైగుండీ విప్పుకుని, "గంటసేపు కరెంటు పీకేత్తాడమ్మా, రోజూ ఉన్న సోద్యమే. ఇన్వర్టర్ బ్యాటరీ రిపేరుకెల్లింది. కూకో" అని కుర్చీ తోశాడు. కూర్చుంది గానీ ఆమె ప్రాణం కూర్చుందా? కుడి గుప్పిట్లో పెన్ డ్రైవు ఉంది, అరచేతి చెమటకి తడిసిపోతోంది. అది తడిస్తే పాడవుతుందేమోనని భయం వేసి ఎడమ చేతికి మార్చింది, ఆ చెయ్యీ చెమటే, మళ్ళీ కుడి చేతికి మార్చింది, చివరికి కొంగు చివర కట్టి ముడి బిగించింది. అంతలోకే ముడిలో ఉందో లేదోనని పైనుంచి తడిమి చూసుకుంది. ఉంది. వేలు పొడుగు ప్లాస్టిక్ ముక్క. అందులో పోలారావు ఉన్నాడు. పోలారావు అంటే ఆమె మొగుడు. గుజరాత్‌లో వేరావల్ రేవులో ఎవరిదో పెద్ద పడవ మీద వేటకి కుదిరి వెళ్ళి, దసరా ముందు వెళ్ళినవాడు వానలు మొదలైతే గానీ రానివాడు, ఇప్పుడు ఆమె కొంగు ముడిలో కూర్చుని ఉన్నాడు, కరెంటు కోసం తనూ కాచుకుంటూ.

మెయిలు నిన్న వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పోలారావుకి టైపు రాదు, వేరావల్ నెట్ సెంటర్లో ఎవరి చేతో కొట్టించి ఉంటాడు, అందుకే అంత మర్యాదగా ఉంది. 'అమ్మకి చెప్పు, కేక వేశాను. ఓనరు తమ్ముడి ఫోనులో రికార్డు చేశాము. ఆఖర్న నీకు ఒక మాట ఉంది.' అంతే. దాని కింద ఒక ఫైలు, ఇప్పుడు పెన్ డ్రైవులో ఉన్నది అదే. భానుప్రియ కంప్యూటరుకి నోరు లేదు. టైపు పనికి నోరెందుకని కొన్నప్పుడు స్పీకర్లు కొనలేదు. జీడిపప్పు ప్యాకెట్ల మీద అంటించే కాగితాలు, పెళ్ళి శుభలేఖలు, పడవల రిజిస్ట్రేషన్ దరఖాస్తులు, వీటిలో ఏదీ మాట్లాడదు. ఫైలు మీద నొక్కితే తెర మీద ఒక పచ్చగీత ఎగిరింది, పడింది, ఎగిరింది, ఆగింది. చప్పుడు లేదు. ఆ గీత ఎత్తుగా లేచిన చోట కేక అయ్యుండాలి. ఆఖర్న సన్నగా, నేలకి ఆనుకుని వణికిన చోట? అక్కడే ఉంది ఆమెకి చెప్పిన మాట. ఆ సన్న వణుకుని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. ఏమై ఉంటుంది? వానలకి ముందే వచ్చేస్తున్నానని అంటాడా? అట్లాంటివి మెయిల్లోనే రాయించొచ్చు కదా. రాయించలేనిదేదో అయ్యుంటుంది, వేరే వాళ్ళ చేత కొట్టించలేనిది. మొహం వేడెక్కి, ఎదురుగా ఉన్న జగదీశ్వరరావు కనిపెడతాడేమోనని ముందున్న డబ్బా మీది ఇంగ్లీషుని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది.

"మీకు ఇయ్యెందుకమ్మా?" అన్నాడు ఆయన, విసనకర్రగా అట్టముక్క ఊపుకుంటూ. "బొట్టి బొట్టియి. ఇటు సూడు, కింద గుమ్మటం డబ్బా, పైన రెండు పెట్టెలు. ఇంట్లో సినిమా హాలే. డబ్బాలోంచి దరువు గుండెల్లో కొడతాది."

"ఆఫీసుకి సార్. బల్ల సిన్నది" అంది భానుప్రియ.

ఆఫీసు. ఆ మాట అనగానే ఆమె నడుం నిటారుగా లేస్తుంది. డొంకూరులో ఇంటి ముందు వసారాకి చెక్కలు కొట్టించి చేసుకున్న గది, ఊళ్ళో అందరికీ అది బాను ఆఫీసు, 'బాను ఆఫీసులో ఉన్నాది' అని పక్కింటి దేముడమ్మ అంటే లోపల కూర్చుని వినడానికి ఎంత బాగుంటుందో. టెక్కలిలో కంప్యూటర్ కోర్సు చేసేటప్పుడు ఏసీ గదిలో తిరిగే కుర్చీ కల కంది. తిరిగే కుర్చీ రాలేదు, కిటికీ తీస్తే సముద్రం వచ్చింది. బల్ల మాత్రం ఎవరికీ లేని బల్ల: పోలారావు తండ్రి, మావ, నడిపిన పాత పడవ చెక్కలతో చేయించింది, వానపడితే ఇప్పటికీ చేపల వాసన వేస్తుంది, శుభలేఖల కోసం వచ్చిన ఇచ్ఛాపురం వాళ్ళు ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూస్తారు. మానిటరు ఆ బల్లలో ముప్పాతిక మింగేసింది. మిగిలిన చోటు ఎంతో కొలిచి, వల తాడుకి రెండు ముళ్ళు వేసి తెచ్చుకుంది. తాడు సంచిలో ఉంది. ఇచ్ఛాపురం షాపులో ఆ తాడు తీసి స్పీకరు పక్కన పెడితే కుర్రాళ్ళు నవ్వారు. నవ్వుకోండి. వాళ్ళు చూపించినవి ముడికి ఇవతల ఒక్కటీ ఆగలేదు, పైగా ఒడియా పాట పెట్టి, అద్దాలు అదిరేలా మోగించి, చూశారా అని మీసం తిప్పారు. పాట ఎందులో పెట్టినా బాగుంటుంది. ఆమెకి పాట కాదు కావలసింది. వంట సామాన్లు చూసినట్టు, చేప మొప్ప ఎత్తి చూసినట్టు అన్నిటినీ తిప్పి చూసి, పాసింజరెక్కి పలాసలో దిగి ఈ కాశీబుగ్గకి వచ్చేసింది, అత్తని వెంటబెట్టుకుని.

అత్త బయట ఉంది. షాపు మెట్టు మీద, ఎండకి కొంగు కప్పుకుని, రోడ్డుకి వీపు పెట్టి కాదు, రోడ్డుకి మొహం పెట్టి, సముద్రానికి ఎదురుగా కూర్చున్నట్టే. కళ్ళకి పొరలు కమ్మి మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు, అయినా చూపు ముందుకే. లోపలికి రమ్మంటే "నాను రాను. మైకుల కొట్లోకి నాను రాను" అని మొండికేసింది. మైకు అంటే ఆవిడకి ఎందుకంత కోపమో ఊరందరికీ తెలుసు. పోలారావు చిన్నప్పుడు ఎవరిదో పెళ్ళికి కొబ్బరి చెట్లకి మైకులు కట్టి పొద్దుటి నుంచీ పాటలు పెట్టారు, ఆవేళే మావ పడవ తిరిగొచ్చింది, కెరటాల అవతల నుంచి కేక వేశాడు, ఒక్కరికీ వినపడలేదు. కేక వినపడితేనే కదా ఒడ్డున ఉన్నవాళ్ళు పరిగెత్తి నీళ్ళలోకి దిగి, విసిరిన తాడు అందుకుని లాగేది. తాడు పట్టేవాళ్ళు లేక పడవ అడ్డం తిరిగింది. మావ బతికాడు, కాలు బతకలేదు. మళ్ళీ పడవెక్కలేదు. అప్పటినుంచి ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా అత్త మైకుకి దూరంగా పోయి ఇసుకలో కూర్చుంటుంది, చెవులు సముద్రానికి అప్పగించి. ఈ మనిషికేనా తను డబ్బాలు కొని పట్టుకెళ్ళి వినిపించేది? భానుప్రియకి నవ్వొచ్చింది, వెంటనే ఆదివారం గుర్తొచ్చి ఆగిపోయింది.

ఆదివారం టెక్కలిలో కంటి ఆపరేషన్లు. అత్త పేరు రాయించింది కూడా. అత్త ససేమిరా అంది. పోలా కేక విననిదే కంటికి కత్తి తగలనివ్వదట. ఎస్టీడీ బూతులో మాట్లాడించింది కదా, ఒకసారి కాదు, ఎన్నోసార్లు. అత్త ఫోను చెవికి ఆనించదు, చేతికందినంత దూరం పట్టుకుని, కెరటాల మీంచి పిలిచినట్టు "ఒరే పోలా!" అని అరుస్తుంది, బూతువాడు లేచి నిలబడతాడు. అటునుంచి పోలారావు మెల్లగా "బాగున్నానమ్మా" అంటాడు, వెనక వరసలో జనం ఉంటారు మరి. "ఇది మావోడి గొంతు కాదు" అని అత్త ఫోను పెట్టేస్తుంది. "మావోడి గొంతు ఇంతుంటాదేటి? ఎవులో సెప్పిత్తన్నారు. ఆడికేదో అయింది, నాకు సెప్పట్లేదు." పుట్టినప్పటినుంచీ ఆరుబయట మాట్లాడుకునే కొడుకూ తల్లీ, గదిలో మాట్లాడే గొంతే వాళ్ళకి ఒకరిది ఒకరికి తెలియదు. కేక వెయ్యమని అడిగింది. బూతులో కేకేంటమ్మా అని సిగ్గుపడ్డాడు. అయిపోయింది, ఇంక ఆవిడ దృష్టిలో వాడు లేడు, ఉంటే కేక వేసేవాడు.

కాబట్టి ఇప్పుడు ఈ స్పీకర్లే తప్పు చేస్తే, పోలారావు గొంతుని సన్నంగానో లావుగానో మార్చేస్తే, అత్త 'కాదు' అంటుంది. ఆ 'కాదు' ఇంక తిరగదు. ఆదివారం పోతుంది, కళ్ళు పోతాయి. ఇంతటి పని ఈ పిడికెడు డబ్బాల మీద పెట్టుకుని ఎగిరి గంతేస్తున్న తన సంబరం చూస్తే తనకే ఆశ్చర్యం. భయం ఉండాల్సిన చోట కూడా సంబరమే ఉంది. వింటుంది, వింటుంది, అత్త వింటుంది, అని లోపల ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

"కాలచ్చేపానికి ఏం పెట్టి టెస్ట్ సెయ్యాలో సెప్పమ్మా" అన్నాడు జగదీశ్వరరావు. "ఏదో తెచ్చుకున్నానన్నావు, కరెంటు రాగానే పెట్టి ఇందాం."

విందాం! బహువచనం వినగానే భానుప్రియ చెయ్యి కొంగు ముడి మీదికి వెళ్ళింది. నిజమే, అందుకే తెచ్చింది. రైల్లో వస్తున్నంతసేపూ అదే లెక్క, షాపులో పెట్టి వింటుంది, ఏ డబ్బాలో పోలారావు పోలారావులా ఉంటే అది కొంటుంది. ఇప్పుడేమో మనసు అడ్డం తిరిగింది. మొదటిసారి వినేది ఈయనా, ఈ ట్యూబులైట్లా? కేక వరకూ సరే, ఆ తర్వాత సన్నగీత? ఈయన అట్టముక్క ఊపుకుంటూ ఆ మాట వింటాడా? ఆపుదామన్నా ఎక్కడ ఆపాలో తెలియదు. ఇంట్లో అయితే ముందున్న గుండ్రటి బిళ్ళ తిప్పి చప్పుడు తగ్గించేసుకోవచ్చు, అత్తకి కేక వినిపించేసి, చటుక్కున తిప్పి, చెవి ఆనించి మిగతాది తనొక్కతే వింటుంది. బిళ్ళ ముందే ఉండాలి, వెనక ఉంటే అందదు, ఆలస్యమవుతుంది. తెల్లవాటికి ముందే ఉంది. చూసింది. జాలీ బట్టది, ఇనపది కాదు, ఉప్పుగాలికి తుప్పు పట్టదు. విడిగా ప్లగ్గు అక్కర్లేదు, కంప్యూటరు నుంచే కరెంటు తాగుతుంది, కాబట్టి కోత పడ్డా యూపీఎస్ ఉన్నంతసేపు మాట్లాడుతుంది. మానిటరు పక్కన పెట్టినా తెర మూల ఊదారంగు తిరగదట, లోపల అయస్కాంతానికి రేకు కప్పారట, ఆ సంగతి ఈయనే చెప్పాడు. తాడు ముడికి ఇవతలే ఆగింది. పెళ్ళిచూపుల్లో అన్నీ కుదిరినట్టే కుదిరాయి, ఒక్క గొంతు తప్ప. గొంతు వినకుండా ఎట్లా తెలుస్తుంది? పోలారావుని విప్పకుండా పోలారావుకి సరిపోతుందో లేదో ఎట్లా చూడటం?

కేక. వేరే ఎవరైనా అదే కేక వేస్తే?

ఎవరు వేస్తారు? ఆ ఇంటి కేక ఆ ఇంటిదే. ఆమె పుట్టిల్లు భావనపాడులో ఒక తీరు, డొంకూరులో ఇంకో తీరు. డొంకూరులో ఏ ఇంటి పడవ ఆ ఇంటి పెద్ద ఆడదాని పేరు పెట్టి కేకేస్తుంది. తాడు పట్టడానికి నీళ్ళలోకి ముందు దిగేది ఆవిడే కాబట్టి ఆవిడ పేరు. మావ ఇంట్లో ఉన్నప్పుడు అత్తని పేరుతో పిలవలేదు, ఒలే అనేవాడు, సముద్రం మీంచి మాత్రం ఊరంతా వినేలా 'వరాలో... ఓ... వరాలో' అని రాగం తీసేవాడు. తర్వాత పోలారావు అదే అందుకున్నాడు, కన్నతల్లి పేరే అయినా కేకలో తప్పులేదు. మావ కాలం చేశాడు, పడవ పుచ్చిపోయింది, వాడు వేరావల్ పోయాడు. వరహాలమ్మని పేరుపెట్టి పిలిచేవాళ్ళు భూమ్మీద ఎవరూ లేరిప్పుడు. అందరికీ ఆవిడ అత్తో, అప్పో, మామ్మో. రేషన్ కార్డు దరఖాస్తులో భానుప్రియ ఆ పేరు వేళ్ళతో టైపు చేసింది గానీ నోటితో ఒక్కసారీ అనలేదు. కోడలు అత్త పేరు అనడమా? అందులోనూ పడవెక్కని ఆడది పడవ కేక వెయ్యడమా?

అయినా వచ్చు. అదే తంటా. కేక ఆమెకి వచ్చు. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం, అత్త ఎండుచేపలు తిరగెయ్యడానికి వెళ్ళినప్పుడు, నాకు నేర్పవా అని అడిగింది పోలారావుని. వాడు ఖాళీ బిందె తెచ్చి అందులో మొహం పెట్టి వేశాడు, బయటికి పోకుండా. బిందె గుమ్మంది. ఆమె చెయ్యి బిందె మీద ఉంది, అరచేతిలోకి కేక పాకింది. ఇప్పుడు నువ్వు, అన్నాడు. బిందెలో తల పెట్టి 'వరా...' వరకూ అని, నవ్వాపుకోలేక తల బిందెలో ఇరుక్కుని, వాడు లాగి, ఇద్దరూ కిందపడి. ఆ తర్వాత ఒంటరిగా ఎన్నిసార్లు సాధన చేసిందో వాడికీ తెలియదు, వేరావల్ వెళ్ళాక మరీనూ, నీళ్ళు తోడేటప్పుడు బావి అంచు మీంచి లోపలికి వంగి, చిన్నగా. రాగం ఎక్కడ విరగాలో, ఓ ఎక్కడ సాగాలో, తనకి తెలిసినంత వాడికీ తెలుసో లేదో.

కుర్చీలోంచి లేచి, షాపు మూలన ఆ గుమ్మటం స్పీకర్ల పెద్ద అట్టపెట్టె ఖాళీగా పడి ఉంటే, దాన్ని చూసి నిలబడిపోయింది. బిందె లేకపోతేనేం.

"సార్, మైకు ఉన్నాదా? కంప్యూటరుకి పెట్టేది?"

ఉంది, పొడుగు తీగది. ఏటి సేత్తావమ్మా అని ఆయన అడుగుతుండగా ఫ్యాను ఒక్కసారి మూలిగి తిరిగింది. వచ్చింది! రోడ్డు పొడుగునా షాపుల్లో ఎవరో ఒకరు హోయ్ అన్నారు. తెరలు ఒక్కొక్కటే తేరుకునే లోపు భానుప్రియ పరుగులు పెట్టింది, స్పీకర్లు గుమ్మం వైపు బల్ల మీద రోడ్డుకి మొహం పెట్టించింది, మైకు తీగ వెనకకి లాక్కుంది, దగ్గరగా ఉంటే కీచుమంటుందట. "ముందు మీ పెద్దవే పెట్టండి. నానేటి సేసినా నవ్వకండి సార్, రికార్డు కూడా నొక్కండి, తరవాత ఇనుకుంటాను" అని, కౌంటరు వెనక నేల మీద కూర్చుని, మైకు పట్టుకుని, అట్టపెట్టెలో తల దూర్చింది. కొత్త అట్ట వాసన. చీకటి. కళ్ళు మూసుకుంది. అత్తా, ఏం అనుకోకు. వేసింది.

పెట్టెలో ఆమెకి గుమ్మని వినపడింది. బయట మెట్టు మీంచి అత్త గొంతు విసుగ్గా వచ్చింది: "ఎవులింట పెల్లిరా అది? ఆపండిరా ఆ మైకు!"

జగదీశ్వరరావు నవ్వొద్దన్నా పొట్ట పట్టుకున్నాడు. భానుప్రియకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. దరువు డబ్బా కేకని మింగేసింది, పేరుని ఉరుము చేసి పారేసింది. "సిన్నవి పెట్టండి" అంది పెట్టెలోంచే. తీగలు మారాయి. "ఊఁ, అను" అన్నాడాయన. ఈసారి సిగ్గు లేదు. ఈసారి అట్టపెట్టె లేదు, కౌంటరు లేదు, కాశీబుగ్గ లేదు, కెరటాల అవతల పడవ ముక్కు మీద తనే నిలబడి ఉంది, తాడు తన చేతిలోనే ఉంది, చీర తడిసి ఒంటికి అతుక్కుంది, ఒడ్డు కనపడుతోంది, ఒడ్డున ఒక నల్లటి మనిషి, వరాలో... ఓ... వరాలో, ఓ దగ్గర గొంతు విరిగి మళ్ళీ అతుక్కుంది, సరిగ్గా విరగాల్సిన చోటే.

"పట్టుకున్నామయ్యో...!"

అది రోడ్డు మీంచి వచ్చింది. ఆటోల మీంచి, బస్సు హారను మీంచి, పచ్చిచేపల తట్టల బేరాల మీంచి వచ్చింది. భానుప్రియ అట్టపెట్టె విసిరేసి లేచింది. మెట్టు మీద అత్త నిలబడి ఉంది. కొంగు జారిపోయింది. కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది, వేళ్ళు విప్పి, తాడు అందుకోవడానికి. రోడ్డు మీద మనుషులు ఆగి చూస్తున్నారు. అత్తకి వాళ్ళు కనపడరు. ఒక్క క్షణం అట్లాగే ఉండి, తర్వాత చేతిని తనే చూసుకుని, దించి, తడుముకుంటూ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. మైకుల కొట్లోకి.

"ఒలే గుంటా. ఎవులేసినారు?"

"నానే అత్తా" అంది భానుప్రియ.

అత్త బల్ల మీద చేతులు పాకించి, ఆ రెండు చిన్న డబ్బాలని దొరకబుచ్చుకుంది. బట్ట జాలీ మీద వేళ్ళు ఆన్చింది. "నా పేరెట్టినావు" అంది. తిట్టబోతోందో ఏడవబోతోందో తెలియలేదు. "నీ గొంతేనని తెలిసిపోయింది. ఆడగొంతు నాకు తెల్దా? తెలిసినా గానీ లెగిసిపోనాను. ఎన్నాళ్ళయిందే, ఆ కేక ఇని." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇందులో గొంతు గొంతులాగే వత్తన్నాది. ఇయ్యే కొను. ఇంటికెల్లి ఆడిది ఇందాం. ఆడిదే అయితే ఆదివారం నీ ఎనకాల వత్తాను."

ఆడిదే, అత్తా, ఆడిదే, అని భానుప్రియ కొంగు ముడి పట్టుకుంది. ముడిలో వాడు ఇంకా విప్పకుండా ఉన్నాడు, ఎవరూ వినని మాటతో. జగదీశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని, కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, "ఇది తీసేద్దునా అమ్మా? రికార్డు ఇంకా నడుత్తానే ఉన్నాది" అన్నాడు. భానుప్రియ తెర వైపు చూసింది. పచ్చగీత. ఇందాకటి తన కేక, ఎత్తుగా. దాని పక్కనే, అంతకంటే ఎత్తుగా, తెర అంచు తాకేంత ఎత్తుగా ఇంకో గీత. పట్టుకున్నామయ్యో. అంత దూరం నుంచి కూడా మైకు అందుకుంది.

"సెరపకండి సార్" అంది గబగబా కొంగు ముడి విప్పుతూ. "అత్త అన్నది ఇందులో ఎక్కించండి. ఏరావల్ పంపాల."

"ఆడికి ఇనపడతాదేటే?" అంది అత్త.

"ఇనపడతాది అత్తా" అంది భానుప్రియ.

అత్త చిన్న డబ్బాల మీంచి చెయ్యి తియ్యలేదు. భానుప్రియ డబ్బు ఇచ్చాక వాటిని అట్టపెట్టెలో సర్దడానికి జగదీశ్వరరావు వస్తే, ఒక్క నిమిషం ఆగమంది.

"అయితే ఇంకోపాలి అంటాను" అంది వరహాలమ్మ, పైట సర్దుకుని మైకు ఎక్కడుందో చేత్తో వెతుక్కుంటూ. "ఇందాక సరిగ్గా అన్లేదు."